అందరికీ ఒకే కొలత ఇల్లు

ఈ ఏడాది సావనీర్‌కు ట్యూషన్ సెంటర్ గురించి నాలుగు పేజీలు రాయమని కార్యదర్శి గారు అడిగారు. ఎంతమంది పిల్లలు వచ్చారు, ఎంతమంది పాసయ్యారు, ఎన్ని నోటుబుక్కులు పంచాం అన్నది వార్షిక నివేదికలో ఎలాగూ ఉంటుంది. దాతలిచ్చిన డబ్బు ఫీజుగా, యూనిఫారంగా, కరెంటు బిల్లుగా మారడం మీకందరికీ తెలుసు. అది పాఠంగా ఎలా మారుతుందో చెప్పే అవకాశం మాలాంటి టీచర్లకు తక్కువ. అందుకని లెక్కలన్నీ పక్కన పెట్టి ఒకే ఒక్క పాఠం గురించి రాస్తున్నాను. వైశాల్యం, చుట్టుకొలత. ఆరో తరగతి పాఠమే, మీరంతా చదివిందే.

పగలు సర్కారు బడిలో, సాయంత్రం నాంపల్లిలోని మన సెంటర్‌లో లెక్కలు చెప్తున్నాను. రెండు చోట్లా ఒకటే సంగతి. పిల్లల్ని ఎవర్ని లేపి అడిగినా సూత్రాలు గడగడా చెప్పేస్తారు. పొడవును వెడల్పుతో గుణిస్తే వైశాల్యం, పొడవు వెడల్పులు కలిపి రెండింతలు చేస్తే చుట్టుకొలత. "సరే, దుపట్టా చుట్టూ గోటా కుట్టాలి. దుపట్టా రెండున్నర మీటర్ల పొడవు, ఒక మీటరు వెడల్పు. ఎన్ని మీటర్ల గోటా కొనాలి?" అని అడిగితే సగం క్లాసు "రెండున్నర" అంటుంది. గుణించారు మరి! రెండున్నర మీటర్ల గోటా ఒక్క అంచుకే అయిపోతుంది. మొత్తం ఏడు మీటర్లు కావాలి. ఇందులో తమాషా ఏమిటంటే, ఇంట్లో అమ్మీకి గోటా కొనుక్కొచ్చేది ఈ పిల్లలే. దుకాణంలో పొరపాటు చేయరు, నోటుబుక్కు తెరిస్తేనే చేస్తారు.

ఈ తికమక కొత్తది కాదు. మాసాబ్‌ట్యాంక్‌లో బీఈడీ చదివే రోజుల్లో పియాజే ప్రయోగం ఒకటి చెప్పేవారు. సమానమైన రెండు పచ్చటి అట్టలు తీసుకుని వాటిని గడ్డి మైదానాలనుకోమన్నాడు. ఒక్కోదాని మీద ఒక ఆవు బొమ్మ. రెండింటిలోనూ సమానంగా బొమ్మ ఇళ్ళు పెట్టుకుంటూ పోయాడు. ఒకదానిలో ఇళ్ళన్నీ పక్కపక్కన ఆనించి, రెండోదానిలో చెల్లాచెదురుగా. ఏ ఆవుకు గడ్డి ఎక్కువ మిగిలిందని అడిగితే, చిన్నపిల్లలు చాలామంది ఇళ్ళు దగ్గరగా ఉన్నచోటే ఎక్కువ అన్నారు. రెండుచోట్లా ఇళ్ళ సంఖ్య ఒకటే అయినా కంటికి అలా కనిపించదు. ఆ రోజుల్లో పరీక్ష కోసం బట్టీపట్టి రాసేశాను. ఆ ఆవు నా క్లాసులోనే ఉందని పదేళ్ళు పాఠం చెప్పాక గాని తెలియలేదు.

మాటల దగ్గర కొంత మేలు జరిగింది. మన సెంటర్‌కు వచ్చేవారిలో ఇంగ్లిష్ మీడియం పిల్లలు, తెలుగు మీడియం పిల్లలు, ఉర్దూ మీడియం నుంచి మారిన పిల్లలు కలిసి ఉంటారు. 'పెరిమీటర్' అన్న మాట వాళ్ళకు ఏమీ చెప్పదు. తెలుగులో 'చుట్టుకొలత' అనగానే చుట్టూ తిరిగి కొలవాలని మాటే చెప్తుంది. ఉర్దూ పుస్తకంలో దీన్ని 'అహాతా' అంటారు. అహాతా అంటే ప్రహరీ అని మన గల్లీల్లో తెలియనివారుండరు. వైశాల్యానికి 'రఖ్బా', ఇంటి కాగితాల్లో పెద్దవాళ్ళు వాడే మాట. ఈ కొలతల శాస్త్రం మొత్తాన్ని 'మసాహత్' అంటారు. బీజగణితానికి పేరు తెచ్చిపెట్టిన అల్ ఖ్వారిజ్మీ పుస్తకంలోనూ మసాహత్ మీద ఒక భాగం, వారసత్వ వాటాల లెక్కల మీద ఒక భాగం ఉన్నాయి. ఆయన బాగ్దాద్‌లో ఆ పుస్తకం రాసిన తొమ్మిదో శతాబ్దంలోనే ఇక్కడ దక్షిణాదిన మహావీరాచార్యుడు గణితసార సంగ్రహం రాశాడు. పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చింది దాన్నే. ఇద్దరూ పొలాలు, వాటాలు, కొలతల గురించే రాశారు. నేను బోర్డు మీద ఒక నిలువు గీత గీసి ఎడమవైపు 'అహాతా, చుట్టుకొలత', కుడివైపు 'రఖ్బా, వైశాల్యం' అని రాసి వదిలేస్తాను. ఆ తర్వాత గోటా ఎటువైపు, తివాచీ ఎటువైపు, ప్రహరీకి సున్నం ఎటువైపు అని పిల్లలే వాదించుకుంటారు. (ప్రహరీకి సున్నం దగ్గర మంచి గొడవ జరుగుతుంది. పొడవు చుట్టుకొలతే, కాని ఎత్తు కూడా ఉంది కదా!)

ఇక ఇంటి ప్లాను. ఎన్‌సీఈఆర్‌టీ వారు 2024లో తెచ్చిన ఆరో తరగతి గణిత పుస్తకంలో ఇంటి ప్లాను ఇచ్చి గదుల వైశాల్యం కనుక్కోమనే లెక్కలున్నాయి. మంచి పద్ధతి. నేను దానికన్నా ముందే మొదలుపెట్టాను గాని, తప్పుగా మొదలుపెట్టాను. ఆ తప్పు సంగతి రాయకుండా ఈ వ్యాసం రాయడం న్యాయం కాదు.

మొదటి ఏడాది పిల్లలతో "మీ మీ ఇళ్ళు కొలిచి, ప్లాను గీసుకుని రండి" అన్నాను. తెలిసిన విషయం నుంచి తెలియని విషయానికి వెళ్ళాలని బీఈడీలో నేర్పారు కదా. పిల్లవాడికి సొంత ఇంటికన్నా తెలిసింది ఏముంటుంది అనుకున్నాను. మర్నాడు సగం మంది ఏమీ తేలేదు. ఒకమ్మాయి, గదిని టేపు పెట్టి కొలుస్తుంటే ఇంటి ఓనరు వచ్చి ఎందుకు కొలుస్తున్నారని గట్టిగా అడిగాడని, అమ్మీ భయపడి టేపు లాగేసుకుందని చెప్పింది. అద్దెకుండేవాళ్ళు గది కొలిస్తే అనుమానాలు వస్తాయని నాకు తోచనే లేదు. లెక్కల్లో అందరికన్నా చురుకైన ఒక కుర్రాడు మాత్రం అందంగా గీసుకొచ్చాడు. మూడు బెడ్రూములు, హాలు, ముందు తోట, కారు పెట్టుకోను చోటు. "ఎక్కడ బాబూ మీ ఇల్లు?" అన్నాను, మామూలుగానే. వాడు తల దించుకున్నాడు. వెనక ఎవరో నవ్వారు. తర్వాత మూడు రోజులు రాలేదు. 10 అడుగులకు 12 అడుగుల రేకుల గదిలో ఆరుగురు ఉంటారని తర్వాత తెలిసింది.

నాలుగో రోజున వచ్చాడు, వాళ్ళ ఖాలా తోడు తెచ్చి దిగబెట్టింది. నేను ఆ ప్లాను సంగతి మళ్ళీ ఎత్తలేదు. వాడూ ఎత్తలేదు.

ఆ ఏడాది పాఠం అక్కడే ఆపేశాను. ఎవరి ఇల్లు ఎంతో క్లాసులో బయటపడకూడదు, అయినా ఇంటి మీదే లెక్క చేయాలి. దారి ఏమిటని ఆలోచిస్తే పిల్లల మాటల్లోనే దొరికింది. మన బస్తీల్లో చాలా కుటుంబాలు డబుల్ బెడ్రూం ఇంటికి దరఖాస్తు పెట్టుకున్నవే. పిల్లలకు ఆ కబుర్లు కంఠతా వచ్చు. ఆ పథకంలో ప్రభుత్వం పెట్టిన కొలత 560 చదరపు అడుగులు. రెండో ఏడాది నుంచి మా క్లాసులో అందరిదీ అదే. "ప్రతి ఒక్కరికీ 560 చదరపు అడుగులు. ఒక్క అడుగు ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఇల్లు మీ ఇష్టం." ఎవరూ తల దించుకోలేదు.

ప్లాను గీసేముందు రెండు రోజులు అగ్గిపుల్లలతో గడుపుతాం. ఒక్కొక్కరికి 24 పుల్లలు ఇచ్చి, అన్నీ వాడి దీర్ఘచతురస్రం చేయమంటాను. ఒకడు 11, 1 తో సన్నటి గొట్టంలా చేస్తాడు, లోపల 11 గళ్ళే పడతాయి. ఇంకొకరు 8, 4 తో చేస్తే 32. ఆరుకు ఆరు పెట్టినవారికి 36. పుల్లలు అందరివీ 24 అయినప్పుడు లోపలి చోటు మూడింతలు ఎలా మారిందని వాళ్ళకే ఆశ్చర్యం. మా సెంటర్ గదిలో నేలంతా పాతకాలపు షాబాద్ బండలు. పుల్లలు అయిపోయాక దారం పట్టుకుని బండలు లెక్కపెడతారు. ఇక్కడ తొందరపడి సూత్రం రాస్తే రెండు రోజులూ వృథా అవుతాయి. నేను రాయను.

తర్వాత ఇదే సంగతి తిరగేసి 560తో. 28 అడుగులకు 20 పెడితే చుట్టుకొలత 96 అడుగులు. 35కు 16 పెడితే 102. 40కి 14 అయితే 108. ఒక అబ్బాయి ఎప్పుడూ ఉంటాడు, 56కు 10 అంటాడు, రైలు పెట్టెలాగా. నాంపల్లి స్టేషను పక్కనే కదా. దాని చుట్టుకొలత 132. "అయితే ఏం టీచర్, ఇల్లు అంతే కదా" అంటాడు. "అంతే. మరి గోడ?" అంటాను. 96కీ 132కీ తేడా 36 అడుగుల గోడ. పది అడుగుల ఎత్తు వేసుకుంటే 360 చదరపు అడుగుల గోడ అదనం. తొమ్మిది అంగుళాల గోడకు చదరపు అడుగుకు సుమారు పది ఇటుకలు. అంటే చోటు ఒక్క అడుగు పెరగకుండానే 3,600 ఇటుకలు ఎక్కువ. రైలుపెట్టె ఇంటి అబ్బాయి ఒకసారి ఇటుక ధర మేస్త్రిని అడిగి లెక్కకట్టి వచ్చాడు. వచ్చి ప్లాను మార్చుకున్నాడు.

కాగితం మీద గీయడానికి గ్రాఫు బుక్కులు. ఒక సెంటీమీటరుకు రెండు అడుగులు అని పెట్టుకుంటాం. 28 బై 20 ఇల్లు కాగితం మీద 14 బై 10 గళ్ళవుతుంది, మొత్తం 140 గళ్ళు. ఇక్కడ ప్రతి ఏడాదీ పడే గోతిలోనే మళ్ళీ పడతారు. "ఒక గడి అంటే రెండు అడుగులు, కాబట్టి 140 గళ్ళు అంటే 280 అడుగులు. మిగతా 280 ఎక్కడ పోయింది టీచర్?" గడి పొడవు రెండు అడుగులే, కాని గడిలో పట్టేది నాలుగు చదరపు అడుగులు. ఇది నోటితో చెప్తే ఎక్కదు. రెండడుగుల టైలు ఒకటి తెచ్చి నేల మీద పెట్టి, దాని మీద అడుగు కొలతతో ప్లస్ గుర్తు గీయాలి. అప్పటి నుంచి గడిని గడి అనరు, టైలు అంటారు. 12 బై 10 గదికి 30 టైల్స్ అని కాగితం చూసి చెప్పేస్తారు.

గజాల దగ్గర కూడా ఇదే గొయ్యి, ఇందులో పెద్దవాళ్ళు కూడా పడతారు. మన ఊళ్ళో జాగా అంతా గజాల్లోనే నడుస్తుంది. గజానికి మూడు అడుగులు కాబట్టి 560ని మూడుతో భాగించి 186 గజాలు అంటారు పిల్లలు. చదరపు గజంలో తొమ్మిది చదరపు అడుగులు. కాబట్టి 62 గజాల పైచిలుకు. 186కీ 62కీ మధ్య తేడా ఎంతో, జాగా కొన్నవారికి, వాటాలు పంచుకున్నవారికి నేను చెప్పక్కర్లేదు.

స్కేలు అంటే ఏమిటో చెప్పడానికి మన ఊరి కథే ఒకటుంది. 1908 మూసీ వరద తర్వాత, లియోనార్డ్ మన్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో హైదరాబాదు నగరాన్ని గల్లీ గల్లీ కొలిచి పటాలు గీశారు. అంగుళానికి 50 అడుగులు స్కేలు. ఆ పటంలో మా 28 బై 20 ఇల్లు అర అంగుళానికి కాస్త ఎక్కువ పొడవు, అర అంగుళం కన్నా తక్కువ వెడల్పు ఉంటుంది. ఎంతో పిల్లలు లెక్క వేస్తారు. 1912లో ఏర్పాటైన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు బస్తీలు తీసేసి వరుస ఇళ్ళు కట్టించిన ప్రాంతాల్లో మన నాంపల్లి కూడా ఒకటి. ఆ బోర్డుకు అధ్యక్షుడిగా ఉన్న మొజంజా పేరు మీదే మొజంజాహీ మార్కెట్ వెలిసింది. రోజూ ఐస్‌క్రీముకు వెళ్ళే మార్కెట్‌కూ, ఇంటి కొలతలకూ సంబంధం ఉందంటే పిల్లలు నమ్మరు. తక్కువ చోటులో ఎక్కువమందికి గాలి, వెలుతురు ఉండేలా ఇల్లు ఎలా కట్టాలన్న ప్రశ్న వంద ఏళ్ళ కిందట ఇదే గల్లీలో పెద్ద పెద్ద ఇంజనీర్లు వేసుకున్నదే అని చెప్తే మాత్రం పెన్సిళ్ళు కాస్త జాగ్రత్తగా చెక్కుకుంటారు.

కాగితం అయ్యాక డాబా మీదికి వెళ్తాం. అసలు కొలతతో, సుద్దముక్కతో, 28 అడుగులకు 20 అడుగుల ఇల్లు గీస్తాం. ఈ పాఠమంతటికీ ప్రాణం అదే. మొదటిసారి గీసిన ఇల్లు ఒక అమ్మాయిది. ఎంత చక్కగా సర్దిందో చూడండి. ఎడమవైపు 12 బై 10 బెడ్రూములు రెండు, ఒకటి వెనక ఒకటి. కుడివైపు 16 బై 11 హాలు. వెనక 9 బై 9 వంటిల్లు, దాని పక్కన 7 బై 5 స్నానాలగది, 7 బై 4 మరుగుదొడ్డి. 120, 120, 176, 81, 35, 28. కూడితే సరిగ్గా 560. క్లాసంతా చప్పట్లు కొట్టింది.

ఆ రోజు ఒక పిల్లవాడి మామూ, మేస్త్రి పని చేసే ఆయన, చూడడానికి పైకి వచ్చారు. చెప్పులు విప్పి సుద్ద గీతల మధ్య అటూ ఇటూ నడిచి, "బాగుంది బేటీ. గోడలెక్కడ కడతావు?" అన్నారు. అమ్మాయి గీత చూపించింది. "ఇది గీత. నేను గోడ అడుగుతున్నా. గోడకు మందం ఉండదా? తొమ్మిది అంగుళాలు నాకివ్వు, తర్వాత నీ గదులు పెట్టుకో" అన్నారు. పిల్లలు నా వైపు చూశారు. నేనూ ఆ సంగతి మర్చిపోయాను. పాతికేళ్ళుగా లెక్కలు చెప్తున్నాను, ఒక్కసారీ గోడకు మందం ఇవ్వలేదు.

మామూ చెప్పినట్టు చుట్టూ తొమ్మిది అంగుళాలు లోపలికి గీశాం. లోపల మిగిలింది ఇరవై ఆరున్నరకు పద్దెనిమిదిన్నర. గుణిస్తే 490.25. గోడలకే 69.75 చదరపు అడుగులు పోయాయి! అంటే వంటిల్లంత చోటు గోడల కిందకు వెళ్ళింది. వెంటనే ఒక అబ్బాయి ఇంకో దారిలో లెక్క చేశాడు. చుట్టుకొలత 96, గోడ మందం ముప్పావు అడుగు, గుణిస్తే 72. మరి తీసివేస్తే 69.75 వచ్చిందే? ఈ రెండుంబావు తేడా ఎక్కడిది? అరగంట ఎవరికీ తోచలేదు. నేను చెప్పలేదు, చెప్పాలని నోరు దురద పెట్టినా. చివరికి ఇంటి మూలలో నిలబడ్డ చిన్న పిల్ల, "ఈ మూలను రెండు గోడలూ నాదంటే నాదంటున్నాయి టీచర్" అంది. అంతే. నాలుగు మూలలు, ఒక్కోటి ముప్పావుకు ముప్పావు, రెండుసార్లు లెక్కలోకి వచ్చాయి. నాలుగు మూలలూ కలిపితే సరిగ్గా రెండుంబావు. చుట్టుకొలత వైశాల్యంగా మారే చోటు అది, పుస్తకంలో నేను ఎప్పుడూ చూపించలేకపోయింది.

ఫ్లాట్ కొనేవారికి ఈ తేడా రూపాయల్లో తెలుస్తుంది. 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియాకు ఇచ్చిన నిర్వచనంలో బయటి గోడలు లెక్కకు రావు, లోపలి అడ్డుగోడలు వస్తాయి. ఆ లెక్కన మా సుద్దముక్క ఇంటి కార్పెట్ ఏరియా 490.25. ఏడో తరగతి పిల్లలు ఇప్పుడు ఈ మాట అర్థం తెలిసి వాడుతున్నారు.

పిల్లలు గీసిన ప్లానుల్లో లెక్క ఎంతుందో, ఇంటి సంగతులు అంతకన్నా ఎక్కువ ఉంటాయి. నేను ఎవర్నీ ఏమీ అడగను, అవే బయటికి వస్తాయి. ఒకమ్మాయి ఇంటి మధ్యలో ఎనిమిదికి ఎనిమిది చోటు ఖాళీగా వదిలేసింది. సహన్ అట. వాళ్ళ దాదీ పుట్టిన ఇంట్లో ఉండేదట. 64 చదరపు అడుగులు దండగ చేశావని మిగతావాళ్ళు మీదపడ్డారు. పైగా సహన్ చుట్టూ ఇంకో 32 అడుగుల గోడ కావాలి. "మరి మీ లోపలి గదికి వెలుతురు ఎక్కడినుంచి వస్తుంది? పగలు కూడా లైటు వేస్తారా? బిల్లు మీ అబ్బా కడతారా?" అని అడిగింది. సహన్ ఉండాలా వద్దా అని నేను తీర్పు చెప్పలేదు. ఆ ప్లాను ఇప్పటికీ గోడ మీద ఉంది.

వంటిల్లు ఐదు చదరపు మీటర్లకు తగ్గకూడదని జాతీయ భవన నిర్మాణ నియమావళి చెప్తుంది, సుమారు 54 చదరపు అడుగులు. ఈ సంగతి చెప్పగానే ఒక గడుగ్గాయి 18 అడుగుల పొడవు, మూడు అడుగుల వెడల్పుతో వంటిల్లు గీశాడు. 54 అయింది కదా అని వాడి వాదన. నేనేమీ అనలేదు. డాబా మీద మూడు అడుగుల దూరంలో రెండు గీతలు గీసి, ఒక గీత వెంబడి బెంచీ వేసి పొయ్యి అనుకుని కూర్చోమన్నాను. ఇంకొకర్ని గిన్నె పట్టుకుని వెనక నుంచి వెళ్ళమన్నాను. వెళ్ళలేకపోయారు. ఆ నియమావళిలోనే వంటింటి వెడల్పు 1.8 మీటర్లకు తగ్గకూడదని కూడా ఎందుకు రాశారో వాడికి అప్పుడు అర్థమైంది. వైశాల్యం ఒక్కటే సరిపోదు, ఆకారం కూడా కావాలి.

ఇంకో పిల్లవాడి ఇంట్లో మంచాలు లేవు. గదిలో పరుపులు గీశాడు, ఒక్కోటి ఆరుకు మూడు. 120ని 18తో భాగిస్తే ఆరు వచ్చి 12 మిగిలింది. పరుపులు కత్తిరించి గదిలో పెట్టి చూసుకున్నాడు. ఆరు పట్టాయి, గోడ పక్కన ఒక అడుగు పట్టీ మిగిలింది. "ఆ అడుగులో నీళ్ళ చెంబు, ఫోన్లు" అన్నాడు. తలుపు లోపలికి తెరుచుకుంటుందని ఎవరో గుర్తుచేశారు. ఒక పరుపు తీసేయాల్సి వచ్చింది. ఎవరిని తీయాలో తేలక చాలాసేపు కూర్చున్నాడు. చివరికి తలుపును బయటికి తెరుచుకునేలా మార్చి మళ్ళీ ఆరు పరుపులు పెట్టాడు. దాదీ పరుపు తలుపు దగ్గర, రాత్రి లేవడానికి వీలుగా. వాళ్ళింట్లో ఎంతమందో నేను అడగలేదు.

ఇక ఒక సంగతి చెప్పాలి, ఇది డాబా దాటి బయటికి వెళ్ళింది. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరి తండ్రి రంగుల పని చేస్తారు. ఆబిడ్స్‌లో పాత మేడ మీద పొడవాటి వసారాకు లోపల రంగు వేసే పని కుదిరింది, చదరపు అడుగుకు ఇంత అని. రంగుల పనిలో ఒక మామూలు లెక్క ఉంది. నేల కొలతకు మూడున్నర రెట్లు గోడలు, సీలింగు కలిపి వస్తుందని. వసారా 40 బై 5, నేల 200 చదరపు అడుగులు, మూడున్నర రెట్లంటే 700. యజమానిది మోసమేమీ కాదు, అందరూ కట్టే లెక్కే ఆయనా కట్టారు. అమ్మాయి కాగితం తీసుకుని వేసి చూసింది. చుట్టుకొలత 90 అడుగులు, ఎత్తు పది, గోడలు 900. సీలింగు 200. మొత్తం 1,100. తలుపులు, కిటికీలకు 120 తీసేస్తే 980. చదరంగా ఉండే గదుల్ని చూసి పుట్టిన మామూలు లెక్క సన్నటి వసారాకు పనికిరాదు. అగ్గిపుల్లల రోజు 11కు 1 పెట్టిన గొట్టమే ఇది. తండ్రి మొదట నమ్మలేదట. తర్వాత టేపు పట్టుకుని యజమానితో కలిసి కొలిచారు, కొలత ప్రకారమే కూలి ముట్టింది. 280 చదరపు అడుగుల కూలి అది. ఆయన సెంటర్‌కు వచ్చి "మేడమ్, ఆ కాగితం లెక్క నాకూ నేర్పండి" అన్నారు. మీ అమ్మాయినే అడగండి అన్నాను.

ఇదంతా చేయడానికి ఏమేం కావాలో కూడా రాస్తాను, డబ్బు పెట్టేది మీరు కనుక. ఎక్కువేమీ కాదు. ఇప్పుడు మా దగ్గర మంచి టేపు ఒక్కటే ఉంది, దాని మొదటి అడుగు చెరిగిపోయింది. పిల్లలు రెండో అడుగు నుంచి కొలిచి ఒకటి తీసేస్తారు. అదీ ఒక లెక్కేలెండి, అయినా ముప్పై మీటర్ల టేపులు నాలుగు కావాలి. గ్రాఫు బుక్కులు పిల్లకు రెండు చొప్పున కావాలి, ఒకటి పాడు చేసుకోవడానికి. ఒకే గీతల నోటుబుక్కులు మీరు దయతో ఎక్కువే ఇస్తున్నారు. వాటిలో కొన్నిటిని గళ్ళ బుక్కులుగా మార్చి ఇస్తే చాలు, అదనంగా ఖర్చు అక్కర్లేదు. ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాల వాళ్ళ దగ్గర ఇంటి ప్లానుల పుస్తకాలు చవగ్గా దొరుకుతాయి. అవి నేను ఏరుకొస్తాను. అన్నిటికన్నా ముఖ్యం ఆ డాబా. వచ్చే ఏడాది అద్దె తగ్గించుకోవడానికి కింది గదొక్కటే ఉంచుకుందామని కమిటీలో మాట వచ్చిందని విన్నాను. కింది గది 16 బై 14. అందులో 560 చదరపు అడుగుల ఇల్లు పట్టదు. ఎంత తక్కువ పడుతుందో మా ఆరో తరగతి పిల్లల్ని అడగండి, చెప్తారు.

నిర్ణయించే ముందు ఒక్కసారి వచ్చి చూడండి. గురువారం సాయంత్రం అసర్ తర్వాత క్లాసు. చెప్పులు మెట్ల దగ్గర విప్పి పైకి రండి. డాబా మీద సుద్ద గీతలుంటాయి. గోడల మీదుగా దాటి రానివ్వరు పిల్లలు, తలుపు ఎక్కడుందో చూసుకుని లోపలికి రావాలి.